గుణదల మాత కొండ: మ్రొక్కుబడి చరిత్ర

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములందలి మన కులబంధువులకు చిల్కూరు బాలాజీ సన్నిధి మ్రొక్కుబడి యెట్టిదో వేఱుగ జెప్పబనిలేదు. కోరునప్పుడు 11 ప్రదక్షిణములు, కోరిక నెరవేరిన పిదప 108. హుండీ లేని యాలయమగుటచే నచ్చట చెల్లించునది కాలినడకయే. లెక్క తప్పకుండ చీటిపై గీతలు గీచుకొనుచు దిరుగు భక్తులను జూచినపుడెల్ల నాకు బడిలోని హాజరుపట్టీ జ్ఞప్తికి వచ్చును.

కొన్నియేండ్ల క్రిందట నొక వివాహమునకు, మన బంధువులలో గథోలిక మతస్థుడైన యొకడు ముండితశిరస్కుడై వచ్చెను. "ఏమి అల్లుడా, తిరుపతి పోయి వచ్చితివా?" యని యొక పెద్ద యడుగగా, "లేదు మామా, గుణదల" యని యతడు బదులుచెప్పెను. పంక్తిలో నవ్వులు పుట్టినవి. అది తిరుపతికి నకలని మనవారు. తమ మతమున లేని యాచారమని యాతనితో వచ్చిన క్రైస్తవులే యొకరిద్దఱు. ఈ రెండు మాటలును దొందరపాటువే యని నాకు దోచినది.

గుణదల విజయవాడ చెంత నున్నది. 1924లో నచ్చటి సెయింట్ జోసెఫ్ అనాథశరణాలయాధికారియగు అర్లాటి ఫాదిరీ మరియమాత విగ్రహమును నెలకొల్పెను. 1933లో గొండపై 18 అడుగుల యినుప సిలువ నిలిచినది. ఫ్రాన్సుదేశమున లూర్దు గ్రామపు గుహయొద్ద, 1858 ఫిబ్రవరి 11న, బెర్నదెత్తను బీదబాలికకు మాత మొదటిసారి దర్శనమిచ్చెనని కథోలికుల విశ్వాసము. గుణదల యుత్సవము ఫిబ్రవరి 9, 10, 11 తేదులలో జరుగుట యందువలననే. తేది లూర్దుది, మ్రొక్కు చెల్లించు తీరు మాత్రము తెలుగువారిది. లూర్దున గ్రొవ్వొత్తులును, ఊటనీరును బ్రధానములు. ఇచ్చట వానితోపాటు కొబ్బరికాయ, తలనీలాలు, సిలువదాక గొండ యెక్కుట.

తలనీలాలు క్రైస్తవ గ్రంథమునకు బొత్తిగా గ్రొత్తయా? సంఖ్యాకాండము 6వ యధ్యాయమున నాజీరు వ్రతస్థుడు దీక్ష ముగిసినపుడు తల క్షౌరము చేయించుకొని యా వెండ్రుకలను బలిక్రింది యగ్నిలో నుంచవలెనని విధి గలదు. అపొస్తలుల కార్యములు 18వ యధ్యాయమున గెంక్రేయ రేవునందు మ్రొక్కు నిమిత్తము తల క్షౌరము చేయించుకొనిన వార్త యున్నది. సంస్కృతమున నిట్టి మ్రొక్కునకు ఉపయాచితమని పేరు: కోరిక దీరినచో దైవమున కిత్తునని పలికిన కానుక. కావున నొకరి సొత్తు నింకొకరు దొంగిలిరనుట చరిత్ర కాదు. అయినను గొబ్బరికాయ మాత్రము మన యూళ్ళనుండి పోయినదే. అందు నాకు సందేహము లేదు.

ఆనాడు నేనా బంధువును నా ప్రక్కను గూర్చుండబెట్టుకొని, మ్రొక్కెందులకని యడిగితిని. బిడ్డకు జ్వరము విడువక మ్రొక్కితిననెను. చిల్కూరున నేను దిరిగిన 108 ప్రదక్షిణములును నా మనుమరాలి జ్వరము నిమిత్తమే.