ముప్పయ్యేళ్లు ఎప్పటి నుంచి?

1892 ఫిబ్రవరి 18 నాటి మద్రాసు-మైసూరు నీటి ఒప్పందం అనగానే అందరికీ కావేరి గుర్తొస్తుంది. కానీ దాని మొదటి పట్టికలోని 15 నదుల్లో ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని, దక్షిణ పినాకిని చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల కొండల్లో పుట్టినవే. వాటి మీద కొత్త సాగునీటి జలాశయం కట్టాలంటే మైసూరు ముందుగా మద్రాసు సమ్మతి తీసుకోవాలి. మరి కొత్తదంటే ఏది? మునుపు లేనిది, లేదా ఒకప్పుడు ఉండి, వదిలేశాక గడచిన 30 ఏళ్లకు పైగా వాడకంలో లేనిది. ఇంగ్లీషు మూలంలో ఆ అంకె పక్కన ‘పాస్ట్’ అని ఉంది. వెనక్కి లెక్కపెట్టేది సంతకం నాటి నుంచా, చెరువు బాగుచేయబోయే నాటి నుంచా? మొదటి అర్థంలో 1862కు ముందు పాడుబడ్డవే కొత్తవి. రెండో అర్థంలో 1892లో నిండుగా ఉన్న చెరువు కూడా ఆ తర్వాత తెగి 30 ఏళ్లు పడుంటే కొత్తదైపోతుంది. గొలుసుకట్టు చెరువుల మీద బతికే బాగేపల్లి, చింతామణి సీమకు ఆ తేడా పంటకూ బీడుకూ ఉన్నంత.

ఇది గుమాస్తా అజాగ్రత్త అని నేననుకోను. అసలు చిక్కు దగ్గర కావాలనే కలం సడలించారు. పూర్వపు వాడుక హక్కును కాపాడుకోవడానికి తప్ప మద్రాసు సమ్మతి నిరాకరించకూడదు. ఆ హక్కు ఎంతో చట్టాన్నీ, ఆయా సందర్భంలో న్యాయంగా తోచేదాన్నీ బట్టి తేల్చాలి. ఆ వాక్యం మద్రాసుకు రక్షగా, మైసూరుకు మద్రాసు చేతికి వేసిన హద్దుగా వినబడింది కాబట్టే సంతకాలు పడ్డాయి. ఆ రెండు అర్థాలూ కావేరి మీది కన్నంబాడి (కృష్ణరాజసాగరం) ఆనకట్ట దగ్గర ఢీకొన్నాయి. ఆ తగవులో 1914లో మధ్యవర్తి గ్రిఫిన్ మైసూరు వైపు మొగ్గాడు. ఆ తీర్పు లండన్‌లో నిలవలేదు.

తప్పు భాషది కాదు, బలానిది అనవచ్చు. సగం నిజం. దొరలూ రాజులూ పోయాక, సమాన హోదా ఉన్న రెండు రాష్ట్రాల మధ్య బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద పరగోడు ఆనకట్ట తగవు ఎందుకొచ్చినట్టు? ఆంధ్రప్రదేశ్ 1892 ఒప్పందం చూపింది. ఇది తాగునీటికని కర్ణాటక జవాబు. ఒప్పందంలో ఉన్నది ‘ఇరిగేషన్’. మాటను బట్టి తాగునీటి కట్ట దాని కిందికి రాదు, దిగువకు నీళ్లు తగ్గకూడదన్న ఉద్దేశాన్ని బట్టి వస్తుంది. బుక్కపట్నం, ధర్మవరం చెరువుల రైతుకు ఎగువన ఆగిన నీళ్లు ఎందుకు ఆగినా ఒకటే. ఫ్లోరైడు బోరునీళ్లు తాగే బాగేపల్లి అవసరమూ అబద్ధం కాదు. ఎలా రాసినా వకీళ్లు మెలికపెడతారన్న వాదన మాత్రం ఒప్పుకోను. 1924 కావేరి ఒప్పందం కృష్ణరాజసాగరం నిల్వ 44,827 మిలియన్ ఘనపుటడుగులని రాసింది. కావేరి పోరు ఆగలేదు, నిజమే. ఆ అంకెకు మాత్రం రెండర్థాలు రావు. చిత్రావతికి, పాపఘ్నికి 1892లో అలాంటి అంకె ఎవరూ రాయలేదు.