త్రియెస్తె: పలు భాషల రేవు పట్నం



ఇటలీ దేశపటం బూటులా ఉంటుందని పిల్లలు చదువుకుంటూంటే వినే ఉంటారు. ఆ బూటుకు పైన, తూర్పు కొసన, అడ్రియాటిక్ సముద్రపుటొడ్డున త్రియెస్తె పట్నం ఉంది. ఊరి వెనక కొండ దాటితే స్లొవేనియా దేశం.

1382 నుంచి 1918 దాకా ఈ ఊరు ఆస్ట్రియా ఏలికల నీడన ఉండేది. 1719లో ఆరవ చార్లెస్ చక్రవర్తి దీన్ని సుంకాల బెడద లేని రేవుగా ప్రకటించాడు. ఇంకేముంది! గ్రీకులు, సెర్బులు, యూదులు, ఆర్మీనియన్లు, జర్మన్లు వచ్చి స్థిరపడ్డారు. ఆయన కుమార్తె మరియా థెరీసా కాలంలో ఊరు ఇంకా పెరిగింది. గ్రీకుల చర్చీ, సెర్బుల చర్చీ, యూదుల ప్రార్థనాలయం ఈనాటికీ ఒకదానికొకటి నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్నాయి.

చరిత్రకారులు వర్తకుల గురించే రాస్తారు. మరి పొద్దున్నే ఆ ఇళ్ళకు పాలు పోసిందెవరండీ? కార్స్ట్ కొండ పల్లెల స్లొవీన్ ఆడవాళ్ళు. రొట్టెలు కాల్చి తెచ్చిందీ స్లొవీన్ పల్లె పడుచులే. ఇంట్లో స్లొవీను, వాడుక ఇళ్ళ గడపల్లో ఇటాలియను. వంటలూ కలిసిపోయాయి. చిక్కుడు గింజలు, బంగాళాదుంపలు, పులియబెట్టిన క్యాబేజీ వేసి కాచే 'యోటా' పులుసు అందరిదీను. ఎవరిదని అడిగితే మాత్రం మాదంటే మాదంటారు!

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఊరు ఇటలీకి వచ్చింది. స్లొవీన్‌ల నాటకశాల, బ్యాంకు, హోటలు అన్నీ ఉన్న 'నారోద్ని దోమ్' అనే పెద్ద భవనాన్ని 1920 జూలై 13న ఫాసిస్టులు తగలబెట్టారు. తర్వాత వాళ్ళ బడులు మూతబడ్డాయి. ఇంటిపేర్లూ మార్చేశారు. 'వోదోపివెత్స్' అంటే స్లొవీనులో నీళ్ళు తాగేవాడు. దాన్ని అదే అర్థంతో 'బెవిలాక్వా' చేశారు. పెళ్ళితో ఇంటిపేరు మారడం మనకు అలవాటే గానీ, సర్కారు కాగితంతో తాతముత్తాతల పేరే పోతే ఎలా ఉంటుందో ఊహించండి. బడిలో లేని భాష ఇళ్ళలో తల్లుల నోట నిలిచింది.

రెండవ యుద్ధం తర్వాత 1954 దాకా ఊరు ఆంగ్ల, అమెరికన్ సైన్యాల చేతుల్లో ఉండి, మళ్ళీ ఇటలీలో చేరింది. కాలిన భవనాన్ని బాగుచేశారు. తమాషా చూడండి, ఒక భాష మీది కోపంతో కాల్చిన ఆ భవనంలోనే తర్వాత విశ్వవిద్యాలయం వారి దుబాసీల, అనువాదకుల కళాశాల నడిచింది. సరిగ్గా నూరేళ్ళకు, 2020 జూలై 13న, ఇటలీ, స్లొవేనియా అధ్యక్షులిద్దరి సమక్షంలో దాన్ని స్లొవీన్‌లకు తిరిగి ఇచ్చే పత్రం మీద సంతకాలయ్యాయి.