ఫేడ్
పక్కలు పొట్టిగా కత్తిరిస్తే చాలు, మన సెలూన్లలో ‘ఫేడ్’ అనేస్తున్నారు. అది సరికాదు. చప్పనిది, వెలవెలబోయినది అనే అర్థాలతో పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు చేరిన మాట ఇది. సినిమా పుణ్యమా అని మన నోటా ఎప్పుడో పడింది: అవకాశాలు తగ్గిన తారను ‘ఫేడవుట్ అయింది’ అంటాం. క్షవరంలో ఫేడ్ అంటే చెవి దగ్గర జీరోతో మొదలై, ఎక్కడా గీత పడకుండా పైకి పోనుపోనూ జుట్టు చిక్కబడడం. 1980ల చివర న్యూయార్క్ హిప్‌హాప్‌లో ర్యాపర్ బిగ్ డాడీ కేన్, ‘కిడ్ ఎన్ ప్లే’ జంటలోని కిడ్ నడినెత్తి జుట్టును నిటారుగా నిలిపి, ‘హై టాప్ ఫేడ్’కు ఎనలేని పేరు తెచ్చారు. దాని వెనక ఉన్నది నల్లజాతి క్షురకుల చేతి నేర్పు. ‘క్రాప్’ను క్రాపుగా కలుపుకున్న తెలుగు ఫేడ్‌నూ కలుపుకోవచ్చు, ఆ పనితనం ఉన్న కటింగ్‌కే ఆ పేరు పెడదాం.