గోలకొండ కవుల సంచిక

గోలకొండ కవుల సంచిక 1934లో హైదరాబాదు నుండి వెలువడిన తెలుగు కవితా సంకలనము. దీని సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి (1896-1953). నిజాం రాష్ట్రానికి చెందిన 354 మంది కవుల వివరాలు, రచనలు ఇందులో చోటు చేసుకున్నాయి. తెలంగాణ సాహిత్య చరిత్రకు ఇది ముఖ్యమైన ఆధార గ్రంథము.

నేపథ్యము

నిజాం పాలనలో ఉర్దూ రాజభాష. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే సాగింది. తెలుగు ముద్రణాలయాలు తక్కువగా ఉండుటచే అనేకుల రచనలు అచ్చుకు నోచుకోలేదు. 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికను, ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను ప్రారంభించారు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలైంది. ఒకప్పటి మహబూబ్ నగర్ జిల్లాలోని ఇటికాలపాడు ప్రతాపరెడ్డి స్వగ్రామము. ఇది 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది.

తెలంగాణలో తెలుగు కవులే లేరన్న విమర్శ వెలువడినప్పుడు ప్రతాపరెడ్డి వాదప్రతివాదాలతో సరిపెట్టలేదు. కవులను, వారి పద్యాలను సేకరించి ముద్రించుటయే సరియైన సమాధానమని భావించాడు.

సంపాదకత్వము

ఈ పనికి గోలకొండ పత్రికయే వేదిక అయినది. కవుల పేర్లు, ఊర్లు, రచనల వివరాలు, మచ్చుకు పద్యాలు సేకరించబడ్డాయి. అప్పటికి పత్రిక నిర్వహణయే పెద్ద భారము. తగినన్ని రచనలు లభించనప్పుడు ప్రతాపరెడ్డి భావకవి రామమూర్తి, చిత్రగుప్త వంటి మారుపేర్లతో తానే వ్రాసేవాడు.

సంకలనకర్తకు సాధారణంగా రెండు మార్గాలుంటాయి: ఉత్తమ రచనలను మాత్రమే ఏరుట, లేదా లభించినవారినందరిని నమోదు చేయుట. మొదటి మార్గంలో సాహిత్యపు విలువ పెరుగును గాని అనేకుల పేర్లు మరుగున పడును. కవులున్నారని నిరూపించుట ఈ సంచిక లక్ష్యము కనుక ఇందులో విస్తృతికి ప్రాధాన్యము లభించింది. అందువలన పద్యాల స్థాయిలో హెచ్చుతగ్గులు కనిపిస్తాయి.

ప్రాముఖ్యత

వ్రాతప్రతులకే పరిమితమైన పలువురు గ్రామీణ కవుల పేర్లు ఈ సంచిక వలన నిలిచాయి. తరువాతి పరిశోధకులు జిల్లాల సాహిత్య చరిత్రలు వ్రాయుటకు దీనిని ఆధారంగా గ్రహించారు. ప్రతాపరెడ్డి రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో, ఆయన మరణానంతరము, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించింది. తెలుగులో ఆ పురస్కారము పొందిన మొదటి గ్రంథము అదే.