పెంటబండి నుంచి యూరియా కట్ట వరకు: గోదావరి తీరంలో ఎరువు లెక్క

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- గోదావరి జిల్లాల్లో ఎరువుల వాడకం మారిన క్రమాన్ని, అందుకు కారణాలను వివరించగలుగుతారు.
- ఒక పెరటి తోటకు కావలసిన ఎరువును స్వయంగా లెక్కకట్టగలుగుతారు.

1. పరిచయం

పాపికొండలు దాటిన గోదావరి పోలవరం, పట్టిసీమల దగ్గర మైదానంలోకి అడుగుపెడుతుంది. వరద తీసిన తరువాత లంకల మీద, ఒడ్డు చేల మీద మిగిలే ఒండ్రు ఈ నేలకు నది ఉచితంగా ఇచ్చే ఎరువు. 1847-52 మధ్య ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట పట్టిసీమకు దిగువన ఉంది. అందువల్ల డెల్టా కాలువల నీరు ఇక్కడి చేలకు పారలేదు. డెల్టాలో మాత్రం వరి ఏటా నమ్మకంగా పండే పంట అయింది. ఏటా పంట తీసే నేల ఏటా కొంత పోషకాన్ని పోగొట్టుకుంటుంది. ఆ లోటును దేనితో, ఎంత మేరకు పూడ్చాలన్న ప్రశ్నకు మూడు కాలాల్లో మూడు రకాల జవాబులు వచ్చాయి.

2. బండ్ల లెక్క

తొలి కాలంలో కొలమానం బండి. పశువుల పెంట, చెరువు మట్టి బండ్లతో తోలేవారు. చేలో గొర్రెల మంద కట్టించేవారు. జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్లను కలియదున్నేవారు. ఎరువు ఎంత అన్నది పశువుల సంఖ్యను బట్టి తేలేది గాని, పైరు అవసరాన్ని బట్టి కాదు. భారత వ్యవసాయాన్ని పరిశీలించిన జాన్ అగస్టస్ వోల్కర్ 1893 నాటి నివేదికలో ఒక ముఖ్య విషయం చెప్పాడు. వంటచెరకు దొరకకపోవడం వల్లనే పేడ పిడకలై పొయ్యిలోకి పోతోందని, రైతుకు ఎరువు విలువ తెలియక కాదని ఆయన వివరించాడు.

3. పోషకాల లెక్క

1840లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ గ్రంథం వెలువడిన తరువాత, మొక్కకు కావలసినది నిర్దిష్ట పోషకాలన్న అవగాహన బలపడింది. అన్నిటికంటె తక్కువగా ఉన్న పోషకమే దిగుబడికి హద్దు గీస్తుందన్న సూత్రం ప్రచారంలోకి వచ్చింది. గోదావరి జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో, రాణిపేటలో 1906లో సూపర్ ఫాస్ఫేట్ తయారీ మొదలైంది.

అసలు మార్పు 1960 తరువాత వచ్చింది. సాంద్ర వ్యవసాయ జిల్లాల కార్యక్రమానికి మొదట ఎంపికైన ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. విత్తనం, ఎరువు, అప్పు, సలహా కలిపి అందించడం వల్ల దీనిని ‘ప్యాకేజీ కార్యక్రమం’ అన్నారు. పాత పొడుగు వరి రకాలకు నత్రజని ఎక్కువైతే పైరు పడిపోయేది. 1966లో విడుదలైన ఐఆర్ 8 వంటి పొట్టి రకాలు ఎక్కువ ఎరువు వేసినా నిలబడ్డాయి. 1967లో విశాఖపట్నంలో కోరమాండల్ కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది.

4. కట్టల లెక్క

1992లో కేంద్ర ప్రభుత్వం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తివేసింది. యూరియా ధరను మాత్రం నియంత్రణలోనే ఉంచి 10 శాతం తగ్గించింది. చవకైన కట్ట వైపు రైతు మొగ్గడం సహజం. పోషకాల సమతూకం దెబ్బతినడానికి రైతు అజ్ఞానం కంటె ఈ ధరల తేడాయే పెద్ద కారణం.

కట్టను కొలమానంగా తీసుకోవడంలో మరో చిక్కు ఉంది. 2018లో యూరియా కట్ట బరువు 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గింది. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే ‘ఎకరానికి రెండు కట్టలు’ అన్న మాట మారకపోయినా, అందే నత్రజని 46 కిలోల నుంచి 41.4 కిలోలకు తగ్గింది.

5. పెరటి తోటకు లెక్క

సూత్రం: కావలసిన పోషకం × 100 ÷ ఎరువులో ఆ పోషకం శాతం.

పట్టిసీమలో 5 సెంట్ల కూరగాయల తోట ఉందనుకుందాం. సిఫారసు ఎకరానికి నత్రజని 60, భాస్వరం 24, పొటాష్ 24 కిలోలు అనుకుందాం. ఎకరం 100 సెంట్లు. కాబట్టి ఈ తోటకు కావలసినవి వరుసగా 3, 1.2, 1.2 కిలోలు.

- డీఏపీలో భాస్వరం 46 శాతం: 1.2 × 100 ÷ 46 = 2.6 కిలోలు.
- డీఏపీలో నత్రజని 18 శాతం కూడా ఉంది. కాబట్టి 0.47 కిలో నత్రజని దానితోనే అందింది. మిగిలిన 2.53 కిలోలకు యూరియా: 2.53 × 100 ÷ 46 = 5.5 కిలోలు.
- మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 60 శాతం: 1.2 × 100 ÷ 60 = 2 కిలోలు.

డీఏపీలోని నత్రజనిని తీసివేయకపోతే యూరియా 6.5 కిలోలు వేస్తాం. ఒక కిలో వృథా. యూరియాను ఒకేసారి కాక విడతలుగా వేయాలి. భూసార పరీక్ష ఫలితం చేతిలో ఉంటే సిఫారసును దాని ప్రకారం సవరించుకోవాలి. బాగా మాగిన పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతమే. 200 కిలోలు వేస్తే ఒక కిలో నత్రజని ఉంటుంది గాని, అదంతా ఒక్క పంటకే అందదు. అయితే నేలను గుల్లబరిచి తేమ నిలిపే గుణం కట్టలో దొరకదు.

6. సారాంశం

బండి పశుసంపదను కొలిచింది. కట్ట సర్కారు ధరను, సంచి బరువును అనుసరించింది. పైరు అవసరాన్ని కొలిచేది పోషకాల లెక్క ఒక్కటే. అది కూడికలు, భాగహారాలు వచ్చిన ప్రతి ఒక్కరికీ సాధ్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1992 నాటి ధరల విధానం ఎరువుల సమతూకాన్ని ఎలా ప్రభావితం చేసింది?
2. పై సిఫారసు ప్రకారం 3 సెంట్ల తోటకు డీఏపీ, యూరియా, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎంతెంత కావాలో లెక్కించండి.
3. మీ ఊరి పెద్దలను అడిగి, ఒకప్పుడు ఎకరానికి ఎన్ని బండ్ల ఎరువు తోలేవారో తెలుసుకొని రాయండి.