ఏఎఫ్‌సీ ఆసియా కప్ విస్తరణ

ఆసియా దేశాల జాతీయ ఫుట్‌బాల్ జట్లు తలపడే టోర్నీ ఆసియా కప్. 1956లో హాంకాంగ్‌లో నాలుగు జట్లతో మొదలైంది. 1964లో భారత్ రన్నరప్‌గా నిలిచినప్పుడూ బరిలో ఉన్నవి నాలుగే. జట్ల సంఖ్య 2004లో 16కి, 2019లో 24కి పెరిగింది.

16 జట్ల కాలంలో వెనుకబడిన ఫుట్‌బాల్ దేశాలకు ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ ఆసియా కప్‌కు దగ్గరి దారి. 2008 చాలెంజ్ కప్ పోటీలు హైదరాబాద్‌లో మొదలయ్యాయి. వానల వల్ల ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ సునీల్ ఛెత్రి హ్యాట్రిక్ కొట్టగా భారత్ 4-1తో తజికిస్తాన్‌ను ఓడించి, 2011 ఆసియా కప్‌లో అడుగుపెట్టింది. విస్తరణ నిర్ణయం వచ్చాక చాలెంజ్ కప్ 2014తో ఆగిపోయింది.

ఇప్పుడు ఆరు గ్రూపుల్లో మొదటి రెండేసి జట్లతో పాటు, మూడో స్థానాల్లోని మెరుగైన నాలుగు జట్లూ నాకౌట్‌కు వెళ్తాయి. గ్రూపు దశలో ఒక్క గెలుపు, ఒక్క డ్రాతోనే గట్టెక్కే వీలుండటం చిన్న జట్లకు నిజమైన మేలు. 2019లో థాయ్‌లాండ్‌ను 4-1తో చిత్తుచేసిన భారత్‌కు షార్జాలో బహ్రెయిన్‌తో డ్రా చాలు. 90 నిమిషాలు గోల్ పడకుండా కాచుకుంది. ఇంజ్యూరీ టైమ్‌లో ఇచ్చిన పెనాల్టీతో ఓడి ఇంటిదారి పట్టింది. తర్వాతి టోర్నీలో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోలూ చేయలేదు. 24 జట్లకు చోటున్నా 2027 పోటీలకు భారత్ అర్హత సాధించలేకపోయింది.