సుకుమార్ సేన్: తొలి సార్వత్రిక ఎన్నికల సారథి

స్వతంత్ర భారతదేశపు తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. ఇండియన్ సివిల్ సర్వీసుకు చెందిన ఈయన బెంగాల్ జిల్లాల్లో పనిచేసి, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1950 మార్చి 21న ఎన్నికల సంఘం బాధ్యతలు స్వీకరించారు.

21 ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ ఓటు హక్కు లభించింది. దాదాపు 17.3 కోట్ల మంది ఓటర్లలో అత్యధికులు నిరక్షరాస్యులు. అందుకే పార్టీలకు గుర్తులు కేటాయించారు. పోలింగ్ కేంద్రంలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉంచారు. 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి వరకు పోలింగ్ సాగింది.

జాబితాల తయారీలో సేన్‌కు క్లిష్టమైన సమస్య ఎదురైంది. ముఖ్యంగా ఉత్తరాదిన అనేకమంది మహిళలు తమ పేరు చెప్పకుండా, ఫలానావారి భార్యననో తల్లిననో నమోదు చేయించుకున్నారు. అలాంటి నమోదు చెల్లదని, సొంత పేరు తప్పనిసరి అని సేన్ స్పష్టం చేశారు. ఫలితంగా సుమారు 28 లక్షల మంది మహిళలు ఓటుకు దూరమయ్యారు. విమర్శలు వచ్చినా ఆయన వెనక్కి తగ్గలేదు. ఈ అలజడి వల్లనే తదుపరి ఎన్నికల నాటికి ఆ సంకోచం తొలగుతుందని భావించారు. హక్కు పౌరురాలిదే తప్ప బంధుత్వానిది కాదన్న సూత్రం స్థిరపడింది. దాని మూల్యం మాత్రం ఆ మహిళలే చెల్లించారు.

1953లో సూడాన్ ఎన్నికల నిర్వహణ సంఘానికి సేన్ అధ్యక్షత వహించారు. 1954లో పద్మభూషణ్ పొందారు. 1957 సార్వత్రిక ఎన్నికలను కూడా నిర్వహించి, 1958 డిసెంబరులో పదవి నుంచి వైదొలగారు. అనంతరం బర్ద్వాన్ విశ్వవిద్యాలయ తొలి ఉపకులపతిగా సేవలందించారు.